ముంజ, పండు, తేగ: తాటి గెలలో దాగిన పోషకాల లెక్క

కాకి వచ్చి వాలడమూ, అదే క్షణాన తాటిపండు రాలడమూ జరిగితే దాన్ని ‘కాకతాళీయం’ అన్నారు పెద్దలు. కాకం అంటే కాకి, తాళం అంటే తాడి. ఆ మాట నేటికీ పత్రికల్లోనూ ఇంటి మాటల్లోనూ నలుగుతూనే ఉంది. ఆ మాటలో రాలిన పండును చేతిలోకి తీసుకుని వాసన చూసినవారు, దాని గుజ్జుతో రొట్టె కాల్చుకు తిన్నవారు మాత్రం తరం మారేకొద్దీ తగ్గిపోతున్నారు. పట్టణాల్లో పెరిగే పిల్లలకు తాటి అంటే ఎండాకాలంలో బండి మీద అమ్మే ముంజలే. ఆ ముంజకే ‘ఐస్ యాపిల్’ అని కొత్త పేరు పెట్టి, అది కాలేయాన్ని శుభ్రం చేస్తుందనీ, క్యాన్సర్‌ను అడ్డుకుంటుందనీ, బరువు తగ్గిస్తుందనీ చెప్పే వీడియోలు ఏటా మార్చి రాగానే వరసగా వచ్చి పడతాయి. తాటి పోషక విలువ గురించి చెప్పుకోవలసింది చాలానే ఉంది గాని, అది ఆ వీడియోలు వెతికే చోట లేదు.

తాటి ఒకే ఆహారం కాదు. ఒకే కాయను ఎండాకాలంలో కోస్తే ముంజ, శ్రావణ భాద్రపదాల దాకా ఆగితే పండు, ఆ పండులోని టెంకను మట్టిలో పాతితే కొన్ని వారాలకు బుర్రగుంజు, సంక్రాంతి నాటికి తేగ. కాయ ఎదగకముందే గెలను గీస్తే నీరా, అది పులిస్తే కల్లు, కాచితే బెల్లం. వీటిలో ఏ రెండింటి పోషకాలూ ఒకటి కావు. ఒకదానిలో నీరే ఎక్కువ, ఒకదానిలో ఒంట్లో విటమిన్ ఏ గా మారే పసుపు వర్ణకం, ఒకదానిలో పిండిపదార్థమూ పీచూ, మరొకదానిలో వట్టి చక్కెర. “తాటిలో ఫలానా పోషకం ఉంది” అనే మాటకు, అది ఏ దశలోని తాటి అన్నది చెప్పకపోతే అర్థమే లేదు. పైగా ఒక దశలో కోసిన గెల తరువాతి దశకు మిగలదు. ఈ సంగతి పట్టించుకోకుండా వేసిన లెక్క ఏదైనా సగం లెక్కే.

వృక్షశాస్త్రంలో బొరాసస్ ఫ్లాబెల్లిఫెర్ అని పిలిచే ఈ చెట్టు భారతదేశం, శ్రీలంకలు మొదలుకొని థాయిలాండ్, కంబోడియా, ఇండోనేషియాల దాకా కనిపిస్తుంది. తమిళనాడుకు రాష్ట్ర వృక్షమూ, కంబోడియాకు జాతీయ వృక్షమూ ఇదే. ముప్పై మీటర్ల ఎత్తు దాకా పెరిగి, నూరేళ్ళు దాటి బతుకుతుంది. ఆడచెట్లు, మగచెట్లు వేరువేరు. మొదటి పూత వచ్చేదాకా, అంటే సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్ళ వరకు, ఏది ఏదో పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు. మగచెట్టుకు వేళ్ళలాగా సాగిన పూగెలలే తప్ప కాయలుండవు. దాన్నే పోతుతాడి అనీ, తెలంగాణలో పోద్దాడు అనీ అంటారు. కనుక ముంజ, పండు, తేగ అన్నీ ఆడచెట్టు నుంచి వచ్చేవే. కల్లుగీతకు మాత్రం రెండూ పనికివస్తాయి.

ముంజ అంటే పండు గుజ్జు కాదు, ఇంకా ముదరని విత్తనంలోని ఆహారపు నిల్వ. కొబ్బరిబొండంలో మొదట నీరు, తరువాత లేత కొబ్బరి, చివరకు గట్టి కొబ్బరి ఎలా వస్తాయో తాటికాయలోనూ అలాగే వస్తాయి. కత్తితో కాయ తల చెక్కగానే నల్లని తొక్క కింద తెల్లని పీచులో మూడు కళ్ళు బయటపడతాయి. కొన్ని కాయల్లో రెండే ఉంటాయి, అరుదుగా ఒకటి. కంట్లో బొటనవేలు దూర్చి అంచు వెంట తిప్పితే ముంజ ఊడి వస్తుంది. లేతదైతే వేలు తగలగానే లోపలి నీరు చివ్వున మొహం మీదికి చిమ్ముతుంది. పైన లేత గోధుమరంగు పలుచని పొర, దాని కింద పాలనురుగు రంగులో జెల్లీ, దాని కడుపులో చెంచాడు తీయని నీరు. తినదగిన ఈ స్థితిలో కాయ కొద్దివారాలు మాత్రమే ఉంటుంది. గెల ఎప్పుడు దించాలో కింద నిలబడే కాయ రంగు, నిగారింపు చూసి చెప్పగలిగినవాడే అనుభవజ్ఞుడు.

ఆ జెల్లీలో నూటికి 90 పాళ్ళకు అటూ ఇటూగా నీరే. 100 గ్రాముల ముంజలో శక్తి సుమారు 30 నుంచి 45 కిలోక్యాలరీలు, చక్కెరలతో కలిపి పిండిపదార్థాలు ఆరు నుంచి పది గ్రాములు. మాంసకృత్తులు ఒక గ్రాముకు లోపు, కొవ్వు ఉందీ లేదన్నంత. అంతే బరువున్న వండిన అన్నంలో దాదాపు 130 కిలోక్యాలరీలు ఉంటాయని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. కాల్షియం, భాస్వరం, పొటాషియం, బి విటమిన్లు ఉన్న మాట నిజమే గాని, ఏ ఒక్కటీ రోజువారీ అవసరంలో చెప్పుకోదగ్గ వాటా తీర్చేంత కాదు. ముంజను విటమిన్ల గని అనడం ఒట్టి అతిశయోక్తి.

అంతమాత్రాన ముంజను తక్కువ చేయనక్కరలేదు. నలభై అయిదు డిగ్రీల ఎండలో చెమట పట్టిన మనిషికి ముందుగా కావలసింది నీరు, దానితోపాటు కొద్దిగా చక్కెర, కొద్దిగా లవణాలు. ముంజ ఇచ్చేది సరిగ్గా అదే, కడుపుకు బరువు లేకుండా. ఒక సీసా కూల్‌డ్రింక్ తాగితే ముప్పై గ్రాములకు పైగా చక్కెర ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. వంద గ్రాముల ముంజల్లో ఆ చక్కెర మూడో వంతుకు దిగుతుంది, అదీ నమిలి మింగే జెల్లీలో కలిసి మెల్లగా చేరుతుంది. ఆకలి మందగించి అన్నం సయించని వేసవి మధ్యాహ్నాల్లో పిల్లలకూ ముసలివారికీ ఇంతకన్నా తేలికైన తిండి దొరకదు. చెమటకాయల మీద ముంజనీరు రాసే అలవాటు వెనుక ఉన్నదీ ఈ చల్లదనమే. దాన్ని మందు అనుకోకుండా ఉపశమనం అనుకుంటే చాలు.

క్యాన్సర్ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, ముంజలో ఆంథోసయనిన్లు ఉన్నాయనే వాదన కనిపిస్తుంది. ఆంథోసయనిన్లు అంటే నేరేడుపండుకూ, నల్లద్రాక్షకూ ఊదారంగునిచ్చే వర్ణకాలు. అవి తగినంత ఉన్న పదార్థానికి ఆ రంగు రాక తప్పదు. తెల్లగా, అద్దంలా మెరిసే ముంజలో వాటిని వెతకడమేమిటో ఆ మాట రాసినవారే చెప్పాలి. ఒకరు రాసినదాన్ని పదిమంది ఎత్తి రాయడంతో అది నిజమన్నంత బలం తెచ్చుకుంది. తినే జనానికి దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు, ఎందుకంటే రోగం వచ్చినవారు చికిత్సకు పోవలసిన రోజుల్ని ఇలాంటి నమ్మకాల మీద పోగొట్టుకుంటారు.

ముదురు ముంజ తింటే కడుపునొప్పి వస్తుందని పెద్దలు పిల్లల్ని కసురుతారు. ఈ హెచ్చరికకు గట్టి శాస్త్రీయ కారణమే ఉంది. లేత ముంజలోని జెల్లీకి ఆ మెత్తదనాన్నిచ్చేది గెలాక్టోమానన్ అనే పదార్థం. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే బంక కూడా ఈ కుటుంబానిదే. కాయ ముదిరేకొద్దీ ఈ పదార్థంలోని కొమ్మల్లాంటి గెలాక్టోజ్ భాగాలు తగ్గి, మానన్ గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా పేరుకుని, జెల్లీ కాస్తా రబ్బరులాగా, చివరకు ఎముకంత గట్టిగా తయారవుతుంది. మానన్‌ను విడగొట్టే ఎంజైము మనిషి జీర్ణవ్యవస్థలో లేదు. నమిలి మింగిన ముదురు ముంజ అరగకుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడి బాక్టీరియా చేతిలో పులిసి వాయువుగా మారుతుంది. కడుపు ఉబ్బరం, నొప్పి అందుకే. లేత ముంజలోనూ ఇదే పీచు ఉంటుంది. అయితే నీటితో నిండి మెత్తగా ఉండడం వల్ల అది మేలే చేస్తుంది. పైనున్న వగరు పొరలో టానిన్లు ఉంటాయి. అలవాటున్నవారు పొరతో సహా తింటారు, పసిపిల్లలకు మాత్రం వలిచి పెట్టడమే మంచిది.

ఇక పండు. అసలు చెప్పవలసింది దీని గురించే.

ఎండాకాలంలో కోయకుండా వదిలేసిన కాయ వానలు పడేసరికి లోపల పూర్తిగా మారిపోతుంది. ముంజగా ఉన్న గింజ గట్టిపడి, పైన పెంకు కట్టి టెంక అవుతుంది. అప్పటిదాకా తెల్లగా, చప్పగా ఉన్న పీచు భాగంలోకి చక్కెరలూ, పెక్టినూ, పసుపు నుంచి నారింజ దాకా పోయే రంగూ చేరతాయి. శ్రావణమాసం వచ్చేసరికి పండు తనంత తానే దబ్బున కింద పడుతుంది. ఆ వాసన చాలా ఘాటైనది; ఇంట్లో ఒక మూల పెట్టిన పండు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఇష్టమున్నవారికి నోరూరుతుంది, లేనివారు ముక్కు మూసుకుంటారు. మధ్యేమార్గం లేని వాసన అది.

ఆ నారింజ రంగు కెరోటినాయిడ్లది. వాటిలో బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ఏ గా మార్చుకుంటుంది. ఈ విటమిన్ లోపిస్తే మొదట రేచీకటి, ముదిరితే చూపే పోవడం, పిల్లల్లో అంటువ్యాధుల్ని తట్టుకునే శక్తి తగ్గడం జరుగుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు విటమిన్ ఏ ద్రావణం పట్టించే కార్యక్రమం మొదలైందంటే ఆ లోపం ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించుకోవచ్చు. అదే ఊళ్ళ గట్ల మీద ఏటా శ్రావణంలో ఈ పండ్లు రాలి, పశువులు నమిలినన్ని నమలగా మిగిలినవి కుళ్ళి మట్టిలో కలిసిపోతూ ఉన్నాయి. తాటిపండు ఒక్కటే ఆ లోపాన్ని తీర్చేదని కాదు. కెరోటిన్ మోతాదు చెట్టును బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది, పండ్ల కాలమూ రెండు నెలలకు మించదు. కాని డబ్బు పెట్టి కొననక్కరలేని, చెట్టెక్కి కోయనక్కరలేని పోషకం కాళ్ళ దగ్గర పడి ఉండగా దాన్ని తిండిగా లెక్కించకపోవడం బాధ కలిగించే విషయం.

కారణాలు లేకపోలేదు. గుజ్జు తీయడం ఒళ్ళు అలిసే పని. పండు తొక్క ఊడదీసి, టెంకల్ని విడదీసి, ఒక్కో టెంక చుట్టూ జుట్టులాగా అంటుకుని ఉన్న పీచును కొద్ది కొద్దిగా నీళ్ళు చల్లుతూ రెండు చేతులతో పిసికితే, వేళ్ళ సందుల్లోంచి చిక్కని పసుపు గుజ్జు జారుతుంది. మళ్ళీ దాన్ని జల్లెడలోనో పలుచని గుడ్డలోనో వడగడితేగాని సన్నని పీచు పోదు. ఇంత చేశాక నాలుక మీద చేదు తగలవచ్చు. ఆ చేదు ఫ్లాబెల్లిఫెరిన్లు అనే సపోనిన్ తరగతి పదార్థాలది. అన్ని చెట్ల పండ్లలోనూ ఒకే మోతాదులో ఉండదు, అందుకే ఏ చెట్టు పండు తీపో ఏది చేదో ఊళ్ళోవారికి చెట్టు చెట్టుకూ తెలిసి ఉండేది. బెంగాల్‌లో గుజ్జును గుడ్డలో మూటకట్టి వేలాడదీసి, కారే చేదునీటిని పోగొట్టి, ఆ గుజ్జుతో కృష్ణాష్టమికి వడలు వేస్తారు. మన దగ్గర బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి తాటిరొట్టె కాలుస్తారు. గారెలు, బూరెలు చేస్తారు. ఎండబెట్టి తాండ్రగా దాచుకుంటారు. దోరగా ఉన్న కాయను నిప్పుల మీద కాల్చి, పైతొక్క ఒలిచి పీచును చీక్కుంటూ తినడం అన్నిటికన్నా పాత పద్ధతి.

ఈ వంటలు రుచికోసమే పుట్టినా పోషక దృష్టితో చూస్తే ఎంతో సరైనవి. కెరోటిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. వట్టి గుజ్జు తింటే అందులో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. నూనె రాసిన మూకుడులో కొబ్బరితో కలిపి కాల్చిన రొట్టెలో, నూనెలో వేగిన గారెలో ఆ కొవ్వు దొరుకుతుంది. పైగా వేడికి గుజ్జు కణాల గోడలు విచ్చుకుని కెరోటిన్ తేలికగా విడుదలవుతుంది. బెల్లం చేదును కప్పుతుంది. అయితే నూనె, బెల్లం ఎక్కువైన కొద్దీ శక్తి లెక్క కూడా పెరుగుతుంది కనుక, మధుమేహం ఉన్నవారికి కాల్చిన కాయో, బెల్లం తగ్గించిన రొట్టో మేలు. చేదును కలిగించే ఫ్లాబెల్లిఫెరిన్లలో కొన్ని పేగుల నుంచి గ్లూకోజ్ శోషణను తగ్గిస్తున్నట్లు శ్రీలంక పరిశోధకులు చిట్టెలుకలపై చేసిన ప్రయోగాల్లో చూశారు. అది ఆసక్తికరమైన ఆరంభం. దాని మీద ఆధారపడి తాటిగుజ్జును చక్కెరవ్యాధికి మందుగా వాడడానికి అది చాలదు.

రాలిన పండు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గబ్బిలాలూ ఉడతలూ కొరికిన గాటు ఉన్న పండును తినకూడదు. గబ్బిలాల లాలాజలం నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ బంగ్లాదేశ్‌లో ఖర్జూరపు చెట్టు నుంచి గీసిన పచ్చి రసం ద్వారా వ్యాపించిన అనుభవం ఉంది. చెక్కు చెదరని పండును ఏరుకుని, కడిగి, గుజ్జును బాగా ఉడికించో కాల్చో తింటే భయం లేదు.

గుజ్జు తీశాక మిగిలే టెంకల్లో మరో తిండి దాగి ఉంటుంది. వాటిని ఇసుక కలిసిన గుల్ల నేలలో పాతర వేస్తారు. కొన్ని వారాలకు టెంకలోంచి ఒక గొట్టం లాంటి మొలక భూమిలోకి దిగుతుంది. ఈ సమయంలో టెంకను పగలగొడితే లోపల తెల్లగా, దూదిలాగా మెత్తగా, తియ్యగా ఉండే ముద్ద దొరుకుతుంది. అదే బుర్రగుంజు. పల్లెటూరి పిల్లలు దీనికోసం కత్తిపీటలు, గొడ్డళ్ళు ఎత్తుకుపోయి తిట్లు తినడం మామూలే. మనిషి అరిగించుకోలేని ఎముకంత గట్టి మానన్‌ను ఈ బుర్రగుంజు తన ఎంజైములతో మెల్లమెల్లగా కరిగించి, చక్కెరగా మార్చి, కింద నేలలో ఎదిగే మొలకకు పంపుతుంది. ఆ మొలక దాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుంది. మూడు నాలుగు నెలలకు జానెడు మూరెడు పొడవున ఎదిగిన ఆ దుంపలాంటి మొలకే తేగ. తెలంగాణలో గేగు అంటారు. వేసవిలో తింటే కడుపునొప్పి తెచ్చే పదార్థమే, నేలలో నాలుగు నెలలుండి వచ్చేసరికి అరిగే ఆహారంగా మారుతుందన్నమాట.

గోదావరి జిల్లాల్లో తేగల్ని కుండలో నిలువుగా కుక్కి, మూతికి ఆకులు అడ్డుపెట్టి, బోర్లించి, చుట్టూ గడ్డీగాదం పేర్చి నిప్పు పెడతారు. దీన్ని తంపట వేయడం అంటారు. కుండ చల్లారాక తీసిన తేగకు పొగవాసన పట్టి ఉంటుంది. పైపొర ఒలిచి, నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో లేత ఆకులా ఉండే చందమామను తీసి ముందు పిల్లల చేతిలో పెట్టి, మిగతాది పీచు తీసుకుంటూ నమలడం సంక్రాంతి రోజుల కాలక్షేపం. పోషకాల పరంగా తేగ దుంపకూరల సరసన నిలిచేది: ప్రధానంగా పిండిపదార్థం, దానితో దండిగా పీచు, కొద్దిగా మాంసకృత్తులు. నమలడానికి పట్టే సమయం, పీచు వల్ల నెమ్మదిగా జరిగే అరుగుదల కలిసి రెండు తేగలకే కడుపు నిండిన భావం కలిగిస్తాయి. మలబద్ధకం ఉన్నవారికి ఈ పీచు మేలు చేస్తుంది, కాని నీళ్ళు తగినంత తాగాలి.

ఉత్తర శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) తమిళులకు తేగ కాలక్షేపపు తిండి కాదు, కరవులో ఆదుకున్న ఆహారం. పచ్చిదాన్ని చీల్చి ఎండబెట్టినదాన్ని ఒడియల్ అంటారు. దాని పిండితో పిట్టు వండుతారు, చేపలూ రొయ్యలూ వేసి ఒడియల్ కూళు అనే చిక్కని జావ కాస్తారు. 1978లో తాటి అభివృద్ధికి అక్కడ ఒక ప్రభుత్వ మండలినే ఏర్పాటు చేశారు. ఆ దేశంలోనే జరిగిన పరిశోధనలు ఒక హెచ్చరికను కూడా బయటపెట్టాయి. వండని ఒడియల్ పిండిని ఎక్కువ మోతాదులో తినిపించిన ఎలుకల కాలేయం దెబ్బతింది. వేడి తగిలితే ఆ హానికర గుణం చాలావరకు పోతుంది. మన దగ్గర తేగను పచ్చిగా తినకపోవడం, కుండలో గంటల తరబడి మగ్గనివ్వడం తరాల అనుభవంతో వచ్చిన వివేకం. ఇవాళ తేగపిండిని ఆరోగ్యపు పొడిగా డబ్బాల్లో అమ్ముతున్నవారు అది ఉడికించి ఎండబెట్టిన తేగతో చేసినదో, పచ్చిదాన్ని ఎండబెట్టి విసిరినదో డబ్బా మీద రాయడం తప్పనిసరి కావాలి. కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

నీరా గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పూగెల కొనను రోజూ పలుచగా చెక్కితే కారే రసంలో నూటికి పది నుంచి పదమూడు పాళ్ళు చక్కెర, అదీ ఎక్కువగా మనం టీలో వేసుకునే సుక్రోజే. విటమిన్ సి, కొన్ని బి విటమిన్లు, పొటాషియం ఉంటాయి. ఎండ ఎక్కితే గాలిలోని ఈస్టులూ బాక్టీరియా దాన్ని గంటల్లోనే కల్లుగా మారుస్తాయి. అందుకే తెల్లవారకముందే దించడం, రసం పట్టే లొట్టి లోపల సున్నం పూయడం లేదా చల్లగా ఉంచడం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఈ పానీయాన్ని నగరవాసులకు పరిచయం చేసింది. చక్కెర రసమన్న ఎరుకతో తాగితే అది మంచి పానీయమే. తాటిబెల్లాన్ని మాత్రం మధుమేహులకు సురక్షితమని అమ్మడం తప్పు. అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే. శుద్ధి చేసిన పంచదారలో లేని ఖనిజాలు ఇందులో కొన్ని ఉన్నాయి. వాటిలో కాల్షియం కొంత లొట్టికి పూసిన సున్నం నుంచి, ఇనుము కొంత కాచిన ఇనుప బాణలి నుంచి కూడా చేరుతుంది. పంచదారకు బదులు వాడుకోవచ్చు, పంచదార కానట్టు వాడుకోకూడదు.

ఇప్పుడు ఒక గెలను ముందు పెట్టుకుని చూస్తే అసలు ప్రశ్న తెలుస్తుంది. గీతకు ఇస్తే ఆ గెలకు కాయ లేదు. కాయ లేతగా ఉండగా దించితే మూడు ముంజలు, అంటే సుమారు వంద గ్రాముల తిండి, అందులో తొంభై గ్రాముల నీరు. మిగతా కాయంతా పారవేసే చెత్త. పండు దాకా ఆగితే ఆ చెత్తే కెరోటిన్ నిండిన గుజ్జు అవుతుంది, ఆ మూడు గింజలే మూడు తేగలవుతాయి. తిండిగా చూస్తే ఆగడమే లాభం. రైతు లెక్క వేరు. ముంజకు వేసవిలో చేతికి రొక్కం వస్తుంది, ఎండలో దాహంతో ఉన్న నగరం ఎంత తెచ్చినా కొంటుంది. పండుకు బజారే లేదు. గుజ్జు తీసే యంత్రాలు ఉన్నాయి, గుజ్జును నిలవ చేసే పద్ధతులూ ఉన్నాయి. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద, తాటి ఉత్పత్తుల మీద పనిచేస్తూ ఉంది. గుజ్జుకు ధర పలికే ఏర్పాటు గ్రామాల్లో లేకపోవడమే లోటు. అంగన్‌వాడీల్లో, బడి భోజనాల్లో శ్రావణ భాద్రపదాల రెండు నెలలు వారానికొకసారి తాటిరొట్టె పెట్టడం మొదలైతే ఆ ధర దానంతటదే పుడుతుంది.

ముంజకు మరో మూల్యమూ ఉంది. ప్రతి గెలా ఒక మనిషి మోకు కట్టుకుని ఆరేడు నిలువుల ఎత్తుకు ఎక్కితేనే కిందికి దిగుతుంది. గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడి చనిపోవడమో, నడుములు విరిగి జీవితాంతం మంచాన పడడమో ఏటా జరుగుతూనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా మోకులు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ కారణంతోనే. డజను ముంజలకు బేరమాడే చోట ఈ సంగతి గుర్తుండాలి. పండు మాత్రం తానే దిగివస్తుంది.

చెట్లే తగ్గిపోతున్నాయన్నది మరో సంగతి. ఇటుక బట్టీలకు, ఇళ్ళ స్థలాలకు తాళ్ళు కూలిపోతున్నంత వేగంగా కొత్తవి రావడం లేదు. తాటిని నారు పోసి పెంచి వేరేచోట నాటడం కష్టం. భూమిలోకి లోతుగా దిగే ఆ మొదటి మొలక తెగితే మొక్క బతకదు. ఎక్కడ చెట్టు కావాలో అక్కడే టెంక పాతాలి. అందుకు మంచి సమయం పండ్లు రాలే భాద్రపదమే, నేల తడిగా ఉంటుంది. తేగల కోసం వేసిన పాతరలోనుంచి అయినా సరే, కొన్ని టెంకల్ని మొలక దిగకముందే ఏరి చెరువుగట్టుకు చేర్చితే సరిపోతుంది. అలా పాతిన టెంక మొదటి గెల వేసేసరికి ఈ ఏడాది పుట్టిన బిడ్డ పదో తరగతికి వస్తుంది. అది కాయలు కాసే ఆడచెట్టో, పూగెలలు మాత్రమే వేసే పోతుతాడో తెలిసేదీ అప్పుడే. అందుకే పాతేటప్పుడు ఒకటి పాతరు, వరసగా పది పాతుతారు.